నలభై కిలోల ఆదెమ్మ

ఈ దేశంలో ఏది లెక్కపెట్టాలన్నా ముందు మేమే గుర్తొస్తాం. జనాభా లెక్కలా, టీచర్లు. ఓట్లా, టీచర్లు. గేదెలెన్ని, కోళ్లెన్ని, గుడిసెలెన్ని, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లెందరు, అన్నిటికీ టీచర్లే. ఇన్ని లెక్కలు పెట్టాక పిల్లలకు లెక్కలు చెప్పే ఓపిక ఎక్కడిదండీ? ఇరవై ఆరేళ్లు ఎలిమెంటరీ బళ్లో పని చేశాను. అందులో ఆరేళ్లు ప్రభుత్వం కోసం ఇళ్లు తిరగడానికే పోయాయని నా అనుమానం. తిరిగి తిరిగి మోకాళ్లు అరిగాయి గాని, నేను రాసిన ఒక్క లెక్కా ఎవరికీ అన్నం పెట్టినట్టు నాకు తెలీదు. పైగా ఒక లెక్కతో ఒక మనిషి ముందున్న కంచం లాగేశాను. ఆ సంగతి చెప్పడానికే మొదలుపెట్టాను.

నా పేరు దేవకుమారి. మాది పెదకాకాని నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి వెళితే వచ్చే ఊరు. నల్లరేగడి నేల. చలికాలమంతా పత్తి, అది కాగానే మిరప. చర్చి పక్కనున్న పల్లెలో పుట్టి, మిషన్ బళ్లో చదివి, అదే బళ్లో టీచర్నయ్యాను. బడికి ఎదురుగా రోడ్డవతల బుడాన్ టీ కొట్టు. బుడాన్ రెండు పేపర్లు తెప్పించేవాడు. ఒకటి ప్రభుత్వాన్ని పొగిడేది, ఇంకోటి తిట్టేది. రెండూ చదివేవాళ్లు రెండు టీలు తాగుతారని వాడి లెక్క.

కొత్తగా మండలాలు వచ్చిన ఏడాది అది, ఎనభై అయిదు. ఆ చలికాలం పేపర్ల నిండా ఒకటే గోల. రెండు రూపాయల బియ్యంతో ఖజానా ఖాళీ అవుతోందని ఒక పేపరు, ఆపితే పేదవాడి పొట్ట ఖాళీ అవుతుందని ఇంకో పేపరు. పొద్దున్నే బుడాన్ కొట్టు ముందు బల్లల మీద శాసనసభ మొదలయ్యేది. నేను ప్రార్థన గంట కొట్టినా ఆ సభ ఆగేది కాదు. ఎక్కాలు చెప్పే నా గొంతు కంటే వాళ్ల గొంతులే పిల్లలకు బాగా వినిపించేవి.

అందరికంటే పెద్ద గొంతు బసవపున్నయ్యగారిది. పద్నాలుగెకరాల పత్తి రైతు. చెడ్డవాడని చెప్పలేను. అప్పులున్నాయి, నోరుంది, అంతే.

“మా పన్నులన్నీ తీసుకుపోయి బియ్యంలో పోస్తన్నారు. రోడ్డు చూడండి, ఎద్దు కాలుపెడితే విరుగుద్ది. ఆ డబ్బుతో రోడ్డేస్తే నా పత్తి గుంటూరు పోను సగం బాడుగ తగ్గేది గదా!”

బుడాన్ టీ వడపోస్తూనే అందుకునేవాడు. “మీరు కట్టే పన్నేంది పున్నయ్యగారూ? పొలం మీదొచ్చే ఆదాయానికి పన్ను లేదాయె. మోటారు కరెంటుకు ఏడాదికింత అని కట్టి రాత్రీ పగలూ తిప్పుతారు. మీ వాటా మీరు తాగేసి పక్కవాళ్ల కంచంలోకి చూస్తే ఎట్టా?”

“ఒరేయ్ బుడాన్, పురుగుమందు డబ్బా మీద పన్ను లేదంట్రా? మందుల కొట్లో నా బాకీ నువ్వు కడతావా?”

“మరి అగ్గిపెట్టె మీద లేదా? ఆ లెక్కన కూలోళ్లూ కడతన్నారు.”

రోజూ ఇదే పాట. ఎవరూ ఎవర్నీ ఒప్పించగా నేను చూడలేదు. చివరికి ఆ గోల ఎక్కడ తేలిందంటే నా బడి వరండాలో తేలింది. ఏడాదికి ఆరువేలు దాటి సంపాదించే ఇంటికి బియ్యం కార్డు ఉండకూడదు, అనర్హుల్ని ఏరెయ్యాలి, ఏరేముందు ఊరందరి ముందూ బహిరంగంగా విచారించాలి అని ఆర్డరొచ్చింది. రాయాల్సింది ఎవరు? చెప్పక్కర్లేదుగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు పత్తి తీతలో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే ఆదెమ్మ ఎందుకలా చెప్పిందో అర్థం కాదు. పత్తి తీతకు కూలి రోజుకింత అని కాదు, కిలోకింత అని. పొద్దు వాలగానే గట్టు మీద కాటా కడతారు. ఎవరి మూట వాళ్లు తగిలించి, ముల్లు నిలబడగానే ఎన్ని కిలోలో తామే గట్టిగా అరిచి చెప్పాలి. రైతు పుస్తకంలో రాసుకుంటాడు. అందరికంటే ఎక్కువ తీసిన మనిషికి మర్నాడు గట్టు పక్క సాలు. నీళ్ల కడవ దగ్గర, నీడ దగ్గర. అంతకంటే ముఖ్యం, తర్వాతి తీతకు కిలోకెంతో రైతుతో మాట్లాడేది ఆ మనిషే. ముఠా అంతా ఆమె మాట మీద నిలబడుతుంది.

తొమ్మిదేళ్లుగా ఆ మనిషి ఆదెమ్మ. మనిషి చూస్తే ఎండిన కందికట్టె. చేతులు మాత్రం చేతులు కావు. అందరూ ఒక గుల్లలోంచి పత్తి లాగేలోపు ఈమె రెండు చేతులా రెండు గుల్లలు ఖాళీ చేసి మూడోదాని మీద కన్నేసేది. నలభై కిలోల ఆదెమ్మ అంటే నల్లపాడు దాకా తెలుసు. ఆవిడ మొగుడు తోమా జిన్నింగు మిల్లులో పనిచేసి పత్తి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇప్పుడు చర్చి గంట కొడతాడు, నెలకు వంద ఇస్తాం. ఇంట్లో చూపులేని అత్త. ముగ్గురికీ కలిపి కార్డు మీద నెలకు పదిహేను కిలోల బియ్యం. బయట అవే బియ్యం కిలో అయిదు రూపాయలు. ఆ ఇంట్లో పొయ్యి ఏడాది పొడుగునా వెలగడానికి కారణం ఆ కార్డే. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

క్రిస్మస్ ఇంకా పదిరోజులుందనగా విచారణ పెట్టారు. కూలోళ్లు దొరకాలని సాయంత్రం పెట్టారు. ఆడవాళ్లు కాటా దగ్గర్నుంచి తిన్నగా వచ్చారు, జుట్టు నిండా పత్తి నూగుతో. మండలం నుంచి ఆర్.ఐ.గారు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వచ్చారు. కుర్రాడు, ఇస్త్రీ చొక్కా. పెద్దమనిషిగా బసవపున్నయ్యగారికి కుర్చీ. నాకు బల్ల, ఫారాల కట్ట. అప్పటికి నలభై రెండు ఫారాలు రాశాను. నడుం నాది కాదన్నట్టుంది. చర్చిలో పాటల ప్రాక్టీసుకు పాడేవాళ్లు నాకోసం ఎదురుచూస్తున్నారు.

ఆదెమ్మ కంటే ముందు కోటిరత్నం వచ్చింది. ముఠాలో ఆదెమ్మ తర్వాత ఆమే. రోజుకు ముప్పై అయిదు కిలోలు తీస్తుంది.

“రోజుకు ఎన్ని కిలోలు తీస్తావమ్మా?” అన్నాడు ఆర్.ఐ.

“నాకేం చాతనవుద్దయ్యా? నడుం నెప్పి. పద్దెనిమిది.”

ఆడవాళ్లు గొల్లుమన్నారు. బసవపున్నయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి, “ఓహో! అట్టయితే రేపట్నుంచి నీకు చివరి సాలే కోటిరత్నం” అన్నారు. కోటిరత్నం సిగ్గుపడలేదు. “అట్టాగే కానీండయ్యా” అని వేలిముద్ర వేసి పోయింది. ఆ మనిషి తెలివి నాకు అప్పుడు అర్థం కాలేదు. తప్పించుకుంటోందని కోపం కూడా వచ్చింది.

తర్వాత ఆదెమ్మ వచ్చింది. ఆ వారమే ఆమె బసవపున్నయ్యగారితో బేరం పెట్టుకుని ఉంది. కిలోకు అర్ధ రూపాయి కాదు, రెండో తీతకు అరవై పైసలు కావాలని. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముఠా అంతా వెనకాల నిలబడి ఉంది.

“ఎన్ని కిలోలు?”

“నలభై” అంది ఆదెమ్మ. కాటా దగ్గర అరిచినట్టే అరిచింది.

ఆర్.ఐ. తలెత్తాడు. “నలభయ్యా?”

“అనుమానమైతే పున్నయ్యగారి పుస్తకం చూడండి. మొన్న శుక్రవారం నలభై రెండు.”

వెనకాల ఆడవాళ్లు భళా అన్నట్టు నవ్వారు. బసవపున్నయ్యగారు కాదనలేదు. ఆర్.ఐ. నా వైపు తిరిగాడు. “నలభై అంటే ఇరవై రూపాయలు. ముప్పైతో హెచ్చవేయండి మేడమ్. ఆరొందలు. పన్నెండుతో వేయండి. భర్తది నెలకు వంద కలపండి.”

ఎనిమిది వేల నాలుగొందలు. రాశాను. ఒక్కసారి కూడా కలం ఆగలేదు. పత్తి తీత పన్నెండు నెలలుండదని నాకు తెలీదా? మహా అయితే అరవై రోజులు. మిరప కోత ఇంకో నలభై. మిగతా ఏడాదంతా కలుపో కట్టెలో, దొరికితే దొరికినట్టు. ఫారంలో ఎన్ని రోజులు పని అనే గడి లేదు. గడి లేకపోతే పక్కన రాయొచ్చుగా, చెయ్యి విరిగిందా? రాయలేదు. అలిసిపోయాను. అలసట పాపం కాదని మా పాస్టరుగారు అంటారు గాని, అలసటలో చేసినవి ఎవరి నెత్తిన పడతాయో ఆయన ఏనాడూ చెప్పలేదు.

మే నెలలో లిస్టు వచ్చింది. మా బడి గోడకే అంటించారు. మిరప కోత అయిపోయి కూలోళ్లు చేతులు ముడుచుకు కూర్చునే రోజులవి. సెలవుల్లో రిజిస్టర్లు సర్దుకోవడానికి వెళ్లాను. గోడ దగ్గర ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. “మా పేర్లున్నయ్యేమో చదవండి టీచరమ్మా” అన్నారు. చదువుతూ పోయాను. అనర్హులు అన్నచోట ఆదెమ్మ పేరు, పక్కన ఎనిమిది వేల నాలుగొందలు. నా చేతిరాత అంకెలే టైపులో కనిపించాయి.

“ఓయమ్మో! మన ఆదెమ్మ షావుకారైందే!” అంది కోటిరత్నం. “ఏమే, ఆ డబ్బంతా ఎక్కడ దాచావే? అత్త మంచం కిందేనా?”

అందరూ నవ్వారు. ఆదెమ్మ కూడా నవ్వింది. “దాచుకుంటే నీకు చెప్తానంటే?” అని ఎదురు కూడా అంది. ఏదో సరదాగా ఉంది అప్పటికి. డీలరు బియ్యం ఇవ్వనన్నాక ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది. సంచి ఖాళీగా మడిచి చంకలో పెట్టుకుంది.

“ఎనిమిది వేలు నాకు యాడ్నించి వచ్చినయ్యి టీచరమ్మా?”

చెప్పాను. ఇరవై ఇన్‌టు ముప్పై, దాన్ని పన్నెండుతో. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప మీద కూర్చుని, నేను మూడో తరగతి పిల్లకు చెప్పినట్టు చెబుతుంటే శ్రద్ధగా విన్నది.

“పన్నెండు నెలలా?” అంది. “అదే అనుకుంటన్నా, ఎట్టా వచ్చిందా అని. నీకు బడి లేని నెల కూడా జీతమొచ్చిద్ది గదమ్మా. అందుకని నాకూ అట్టాగే రాసుంటావు” అంది.

కోపంతో అంటే పడేదాన్ని. తిడితే తిరిగి తిట్టేదాన్ని, నాకూ నోరు తక్కువేం కాదు. ఆమె నిజంగానే కారణం దొరికిందన్నట్టు అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడే మండలాఫీసుకు వెళ్లాను. నేను తప్పు రాశానని రాసిస్తాను, కార్డు ఇవ్వండన్నాను. ఆర్.ఐ.గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. “రాసిస్తే మీకు మెమో వస్తుంది మేడమ్, ఆవిడకు కార్డు రాదు. రోజుల గడి లేదు కదండీ ఫారంలో. మారితే ఎన్ని కిలోలన్నదే మారాలి. జూన్ మూడున మీ ఊరి లైబ్రరీలో అభ్యంతరాలు వింటాం. ఆవిడ వచ్చి అందరి ముందూ ఇరవై అని చెప్పమనండి. ఏ ఇబ్బందీ ఉండదు.”

“ముప్పై అంటే?”

“ముప్పై అంటే భర్త వందతో కలిపి మళ్లీ ఆరువేలు దాటుతుంది. ఎందుకొచ్చిన గొడవ? ఇరవై అనమనండి.”

వాడి లెక్క కరెక్టే. వాడికీ ఎవరో పైనుంచి గడులు గీసి ఇచ్చారు. వాణ్ణి తిట్టీ లాభం లేదని బస్సెక్కాను.

ఆదెమ్మకు ఈ మాట చెప్పినప్పుడు తోమా అరుగు మీద దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. గ్లాసెడు బియ్యం, పక్కింటి నుంచి చేబదులు.

“ఇరవయ్యా!” చేట కింద పెట్టేసింది. “నిన్నగాక మొన్న పత్తికొచ్చిన పిల్లలు తీస్తారు ఇరవై. ఊరందరి ముందూ ఆ మాట చెప్పాక నేను కాటా దగ్గర మొహం ఎట్టా పెట్టుకోను? పున్నయ్యగారు ఊరుకుంటాడా? వచ్చే పంటకైనా అరవై పైసలు ఇవ్వమని ఏ మొహంతో అడగను?”

“కార్డు కావాలిగా ఆదెమ్మా” అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

“చెప్పెయ్యవే” అన్నాడు తోమా దగ్గు మధ్యలో. “నలభయ్యీ తినలేంగా.”

ఆమె చేట మళ్లీ తీసుకుని చెరగడం మొదలుపెట్టింది.

జూన్ మూడున వానచుక్క లేదు. లైబ్రరీలో రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఆ ఫ్యానుకు కరెంటు లేదు. ఊరంతా అక్కడే. అభ్యంతరాలు వినడానికొచ్చిన ఆర్.ఐ. ముందు బుడాన్ కొట్టు సభ మొత్తం దిగబడింది. బియ్యం ఇవ్వడం తప్పా, ఏరివేత తప్పా అని అరగంట కొట్టుకున్నారు.

“ఉన్నోళ్ల కార్డులు తీస్తే లేనోళ్లకు ఇంకో కిలో వచ్చిద్ది. అందులో తప్పేంది?” అన్నారు బసవపున్నయ్యగారు. నిజానికి అది అంత కొట్టిపారేసే మాట కాదు.

“తీసింది ఎవరివయ్యా? మేడల్లో ఉన్నోళ్లవి ఉంచి ఆదెమ్మది తీశారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?” అన్నాడు బుడాన్.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆడమనిషిని, సభలో ఎప్పుడూ లేవనిదాన్ని, లేచి అరిచాను. “బియ్యం సంగతి తర్వాత తేల్చుకోండి. ముందు ఆ ఫారంలో ఒక గడి గీయండి. ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది అని ఒక్క గడి! ముప్పైతో పన్నెండుతో వేస్తే ఈ ఊళ్లో ఎవడు పేదవాడండీ? బిచ్చగాడికి పండగరోజు అయిదు రూపాయలొస్తే ఏడాది పొడుగునా రోజుకు అయిదని రాస్తారా? రాసింది నేనే, తప్పు నాదే. అయినా గడి ఏదీ?”

నా మాట పని చేసిందనుకున్నాను. ఆర్.ఐ.గారు చెమట తుడుచుకుని, “మీ సూచన పైకి రాస్తాం మేడమ్, కూర్చోండి” అన్నారు. “టీచరమ్మను శాసనసభకు పంపాల” అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు. కూర్చున్నాను.

“ఆదెమ్మ!” అని పిలిచారు.

వచ్చింది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. ముఠా ఆడవాళ్లు తలుపు దగ్గర ఒక గుంపుగా నిలబడ్డారు.

“రోజుకు ఎన్ని కిలోలు తీస్తావు?”

నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను, ఆమె మొహం చూడలేక.

“ఇరవై” అంది. పక్కనున్నవాళ్లకే వినపడలేదు.

“గట్టిగా చెప్పు.”

“ఇరవై.”

“మరి అప్పుడు నలభై అని ఎందుకన్నావు?”

“గొప్పకి చెప్పానయ్యా.”

తలుపు దగ్గర ఒక్క ఆడదీ నవ్వలేదు. కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. బసవపున్నయ్యగారు నోరు తెరిచారు. ఆయన పుస్తకంలో తొమ్మిదేళ్ల నలభైలున్నాయి. కాదంటాడేమోనని భయపడ్డాను. కాదనలేదు. అంతవరకు ఆయనకు రుణపడి ఉన్నాను.

“సరే, ఇరవయ్యే అనుకుందాం” అన్నాడాయన నెమ్మదిగా. “ఇరవై తీసే మనిషితో నాకు బేరమేంది? వచ్చే తీతకు కోటిరత్నంతో మాట్లాడుకుంటా. గట్టు సాలు కూడా ఆమెదే.”

ఆర్.ఐ. లిస్టులో ఆమె పేరు మీద గుర్తుపెట్టి, “ఇదుగోమ్మా, నీ మాట నమ్మి ఇస్తున్నాం. మాట మార్చినవాళ్లవి మాత్రం కొత్త పంటకు రైతుల తూకం పుస్తకాలు తెప్పించి చూస్తాం. ఇరవై దాటి కనపడితే కార్డు పోవడమే కాదు, తప్పుడు మాట చెప్పినందుకు కేసవుతుంది” అన్నాడు. ఆదెమ్మ తల ఊపి వేలిముద్ర వేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసినదాన్ని నేను.

బియ్యం వచ్చాయి. పొయ్యి వెలిగింది. నేను మళ్లీ ఆ ఇంటి ముందు నుంచి తల ఎత్తుకుని నడవొచ్చు అనుకున్నాను.

ఆ ఏడు వానలు కాస్త ఆలస్యమైనా పత్తి విరగకాసింది. డిసెంబరులో ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక పాస్టరుగారింటికి బయల్దేరాను. దారి బసవపున్నయ్యగారి చేను పక్కనుంచే. మధ్యాహ్నం రెండు కూడా కాలేదు. చేను చేనంతా తెల్లగా విచ్చుకుని ఉంది, తీసేవాళ్లు చాలక. ఆడవాళ్లు సాళ్లలో వంగి ఉన్నారు. ఆదెమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన మూతి కట్టేసిన మూట.

ఎదురుగా సైకిల్ మీద వస్తున్న పోస్ట్‌మన్ నన్ను చూసి దిగాడు. “చూశారా టీచరుగారూ, పట్టపగలు ఎట్టా కూకుందో. రెండు రూపాయల బియ్యం మహిమ! ఇంక పని చేస్తారా వీళ్లు?” అని సైకిలెక్కి పోయాడు.

“ఒంట్లో బాగాలేదా ఆదెమ్మా?” అన్నాను దగ్గరికి వెళ్లి.

“బాగానే ఉందమ్మా.” మూట మీద చెయ్యి వేసి చూపించింది. “ఇరవై అయిపోయినయ్యి.”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. నిలబడ్డపాటునే లెక్క వేశాను. ఆ రోగం వదలదుగా నన్ను.

“రోజుకు పది రూపాయలు పోగొట్టుకుంటున్నావు. అరవై రోజులకు ఆరొందలు. బియ్యం మీద నీకు మిగిలేది కిలోకు మూడు, ఏడాదికి అయిదొందల నలభై. అంటే అరవై రూపాయలు నష్టమే! ఆ కార్డు వాళ్ల మొహాన కొట్టి నలభయ్యీ తియ్యి.”

ఆదెమ్మ నవ్వింది. “లెక్క కరెక్టేలే టీచరమ్మా. నువ్వు ఎప్పుడు తప్పావు గనక?”

తర్వాత చేను వైపు చూస్తూ అంది. “పత్తి ఉంటే గదా ఆరొందలు. వాన పడకపోతే పోయిద్ది, పురుగొస్తే పోయిద్ది, నాకు జొరమొస్తే పోయిద్ది. ఆ బియ్యం అయితే నేను మంచాన పడ్డా వచ్చిద్ది. అత్తా, ఆయనా ఉండారు. నాకు ధైర్యం చాల్లేదమ్మా.”

ఆమె కాళ్ల పక్కనే ఒక కొమ్మ గట్టు మీదికి వాలి ఉంది. నాలుగు పాయలుగా విచ్చిన గుల్ల. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె చెయ్యి దానంతటదే పోయి ఆ పత్తి లాగేసింది. ఎప్పుడు లాగిందో నేను కూడా చూడలేదు, అంత వేగం. లాగాక గాని ఆమెకూ తెలియలేదు. మూట వైపు చూసింది, మూతి కట్టేసి ఉంది. పిడికిట్లో ఆ తెల్లటి ముద్ద పట్టుకుని అటూ ఇటూ చూసింది. తర్వాత లేచి, గట్టు పక్క సాల్లో వంగి తీస్తున్న కోటిరత్నం దగ్గరికెళ్లి ఆమె ఒళ్లో వేసి వచ్చి మళ్లీ కూర్చుంది.